గల్లీలో ఆగిన తీగ

గోదావరిఖనిలో కొత్త అపార్టుమెంటులోకి దిగిన కుటుంబానికి కరెంటు మీటరు వస్తుంది, గ్యాసు వస్తుంది, నల్లా నీళ్లు వస్తాయి. పాలు, పేపరు తెల్లారేసరికి గుమ్మం ముందుంటాయి. ఫైబర్ ఇంటర్నెట్ మాత్రం రాదు. డబ్బులు కట్టిన గంటలో 'మీ కనెక్షన్ ఖరారైంది' అని ఫోనుకు మెసేజ్ వస్తుంది. రెండు రోజులకు ఇంకొకటి, వారానికి మరొకటి వస్తాయి. చివరికి తీగచుట్ట భుజాన వేసుకుని బైకు మీద ఓ పిలగాడు వస్తాడు. కింద నిలబడి ఓసారి స్తంభం వైపు, ఓసారి డాబా వైపు చూసి, 'అన్నా, మీ బిల్డింగుకు ఫీజిబులిటీ లేదు' అని చెప్పి బండి తిప్పుకుంటాడు. స్తంభానికి అదే కంపెనీ పెట్టె వేలాడుతూ ఉంటుంది. పక్క బిల్డింగులో అదే కంపెనీ కనెక్షన్ నడుస్తూ ఉంటుంది.

మార్కండేయ కాలనీలోనో, లక్ష్మీనగర్‌లోనో, ఎన్టీపీసీ పోయే దారిలోనో అపార్టుమెంట్లలో ఉండేవాళ్లను కదిపితే పేర్లు మారతాయి గాని కథ మారదు. దీన్ని ఒక కంపెనీ నిర్లక్ష్యంగానో, ఆ పిలగాడి బద్ధకంగానో కొట్టిపారేస్తే అసలు విషయం చేజారుతుంది. ఈ ఆలస్యంలో సాంకేతికత పాత్ర చాలా తక్కువ. తీగ మీద, స్తంభం మీద, మెట్ల మీద, గోడ మీద ఎవరి పెత్తనం ఉందన్నదే ఇక్కడి తగాదా. ఆ తగాదాకు 'సాంకేతిక సాధ్యత' అనే ముసుగు వేసుకునే వెసులుబాటును మన నిబంధనలే ఇచ్చాయి.

ఇంటికి ఫైబర్ ఎట్లా వస్తుందో తెలిస్తే ఈ ముసుగు ఎంత పలచనో అర్థమవుతుంది. ఇప్పుడు ఇళ్లకు ఇచ్చే కనెక్షన్లలో ఎక్కువ భాగం జీపాన్ అనే పద్ధతిలో నడుస్తాయి. కంపెనీ ఎక్స్ఛేంజీలో ఓఎల్‌టీ అనే యంత్రం ఉంటుంది. దాని ఒక్కో పోర్టు నుంచి బయల్దేరే ఒకే ఒక్క గాజు పోగు, గల్లీల్లో స్ప్లిట్టర్ల దగ్గర చీలుతూ 32 ఇళ్లకో 64 ఇళ్లకో చేరుతుంది. ఒకే మెయిన్ పైపు నుంచి వాడకట్టులోని నల్లాలన్నిటికీ నీళ్లు పంచినట్టే. ఆ పోర్టు మొత్తం మీద సెకనుకు రెండున్నర గిగాబిట్ల సమాచారం వస్తే, దాన్నే అందరూ పంచుకుంటారు. దారిలో ఎక్కడా కరెంటు అక్కర్లేదు. యంత్రానికీ ఇంటికీ మధ్య 20 కిలోమీటర్ల దూరం ఉన్నా పనిచేస్తుంది. గోదావరిఖని చౌరస్తా నుంచి ఎటు బయల్దేరినా, అటు ఎన్టీపీసీ జ్యోతినగర్, ఇటు ఎనిమిదో ఇంక్లైన్ కాలనీ, ఏవీ ఆ దూరం దాటవు.

కాబట్టి ఒక ఫ్లాటుకు ఫైబర్ సాధ్యమా కాదా అన్నది తేలడానికి మూడు ప్రశ్నలు చాలు. గల్లీ పెట్టెలో ఖాళీ పోర్టు ఉందా? అక్కడిదాకా వచ్చే కాంతి బలం సరిపోతుందా? అక్కడి నుంచి ఫ్లాటు దాకా తీగ లాగడానికి దారి ఉందా? మొదటిది కంప్యూటరులో చూస్తే తెలుస్తుంది. రెండోదానికి చేతిలో ఇమిడే పవర్ మీటరు చాలు. ఒక పోగును 32గా చీలిస్తే కాంతి సుమారు 17 డెసిబెళ్లు తగ్గుతుంది. సాధారణంగా వాడే పరికరాలు మొత్తం 28 డెసిబెళ్ల నష్టం దాకా తట్టుకుంటాయి. నిమిషాల్లో తేలే లెక్క ఇది. పోర్టు ఖాళీ లేకపోతే ఇంకో స్ప్లిట్టర్ పెట్టాలి. అది ఖర్చు వ్యవహారం, అసాధ్యమేమీ కాదు. మిగిలింది మూడోది. దాన్ని ఏ మీటరూ కొలవలేదు. అక్కడ వాచ్‌మన్ ఉంటాడు, అసోసియేషన్ ప్రెసిడెంటు ఉంటాడు, ఇంకా మూడు ఫ్లాట్లు అమ్ముడుపోని బిల్డరు ఉంటాడు, 'ఈ ఏరియా నాది' అనే కేబుల్ ఆపరేటరు ఉంటాడు.

ఈ ఆఖరి మనిషి సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. 1990ల్లో కేబుల్ టీవీ వచ్చినప్పుడు ప్రతి ఊళ్లో గల్లీలు పంచుకుని తీగలు లాగినవాళ్లు స్థానిక యువకులు. 1995 కేబుల్ చట్టం ప్రకారం హెడ్ పోస్టాఫీసులో పేరు నమోదు చేసుకుంటే సరిపోయేది. చట్టం ఎవరికీ గల్లీ రాసివ్వలేదు. కానీ ఒకరి గల్లీలోకి ఇంకొకరు పోకూడదన్న ఒప్పందం రాత లేకుండానే నిలబడింది. డిష్ టీవీలు, ఫోన్లలో సినిమాలు వచ్చి కేబుల్ చందాలు పడిపోయాక ఆ ఆపరేటర్లే ఇంటర్నెట్ కంపెనీలకు ఆఖరి అంచె భాగస్వాములయ్యారు. బీఎస్‌ఎన్‌ఎల్ కూడా ఇప్పుడు ఫైబర్ కనెక్షన్లను ఎక్కువగా ఇట్లాంటి స్థానిక భాగస్వాముల ద్వారానే, ఆదాయం పంచుకునే పద్ధతిలో ఇస్తోంది. వాళ్లను తప్పు పట్టడం తేలిక. తుఫాను వస్తే అర్ధరాత్రి స్తంభం ఎక్కేదీ వాళ్లే. చిక్కల్లా ఎక్కడంటే, మనం దరఖాస్తు పెట్టేది దేశమంతా పేరున్న కంపెనీకి, పని చేయాల్సింది మాత్రం మన గల్లీ ఆపరేటరు. ఆ కంపెనీతో ఆయనకు లెక్కలు కుదరకపోయినా, ఆ బిల్డింగు పక్క ఆపరేటరు సరిహద్దులో పడినా, మనకు వినిపించే జవాబు ఒక్కటే: ఫీజిబులిటీ లేదు.

పైగా తీగ లాగే పిలగాడికి చాలాచోట్ల నెల జీతం లేదు. కనెక్షన్‌కు ఇంతని లెక్క. ఒక ఇండిపెండెంట్ ఇంటికి గంటలో తీగ లాగి వెళ్లవచ్చు. అయిదంతస్తుల అపార్టుమెంటులో పైపు లేక, డాబా తాళం చెవి ఎవరి దగ్గరుందో తెలియక సగం రోజు పోతుంది. వచ్చే డబ్బులు రెండింటికీ అవే. అతని స్థానంలో మనమున్నా అపార్టుమెంటును చివరికే పెట్టుకుంటాం.

మరి నిబంధనలు ఏమన్నాయి? బ్రాడ్‌బ్యాండ్ సేవల నాణ్యత మీద టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2006లో తెచ్చిన నిబంధనలు కనెక్షన్ 15 పనిదినాల్లో ఇవ్వాలన్నాయి. నూటికి నూరు శాతం కేసుల్లో ఇవ్వాలన్నాయి. డబ్బులు కట్టించుకుని గడువులోగా ఇవ్వకపోతే రోజుకు 10 రూపాయల చొప్పున, ఇన్‌స్టలేషన్ చార్జీకి మించకుండా, మొదటి బిల్లులో తగ్గించాలన్నాయి. పది రూపాయలతో ఏ కంపెనీ భయపడుతుందన్నది అట్లుంచండి. ఆ పరిహారం వచ్చేది మొదటి బిల్లులో. కనెక్షనే రానివాడికి మొదటి బిల్లు ఎక్కడిది? అంతకన్నా పెద్ద కంత ఇంకొకటుంది. 15 పనిదినాల గడువు వర్తించింది సాంకేతికంగా సాధ్యమైన చోటనే. సాధ్యమా కాదా తేల్చేది ఎవరు? కంపెనీయే. కాదని చెబితే కారణం రాసివ్వాలా? అక్కర్లేదు. 'సాధ్యం కాదు' అని డబ్బులు వెనక్కి వేస్తే ఆ దరఖాస్తు ఆలస్యాల లెక్కలోనే ఉండదు. నూరు శాతం లక్ష్యం కాగితం మీద చెక్కుచెదరలేదు.

వాటి స్థానంలో ల్యాండ్‌లైన్, మొబైల్, బ్రాడ్‌బ్యాండ్ మూడింటికీ కలిపి ట్రాయ్ కొత్త నాణ్యతా నిబంధనలు తెచ్చింది. అవి 2024 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చాయి. కొలమానాలు బిగిశాయి, కంపెనీలు తమ పనితీరును బయటపెట్టాల్సిన బాధ్యత పెరిగింది. సంతోషమే. కానీ తిరస్కరించిన దరఖాస్తులు ఎన్ని, ఏ ఊళ్లో, ఏ కారణంతో అన్న లెక్క జనం ముందుకు రానంతవరకు గోదావరిఖని గల్లీకి ఈ సంస్కరణ చేరినట్టు కాదు.

నడివయసు దాటినవాళ్లకు ఇదంతా ఎక్కడో విన్నట్టే ఉంటుంది. ఫోను కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసిన దేశం మనది. ఎక్కువ డిపాజిట్ కడితే త్వరగా ఇస్తామనే 'ఓన్ యువర్ టెలిఫోన్' పథకం ఉండేది. ఎంపీలకు ఫోన్ల కోటా ఉండేది. అడిగిన వెంటనే ఫోను ఇచ్చే స్థితికి 1997 నాటికి చేరతామని 1994 జాతీయ టెలికాం విధానం రాసుకుంది. చేరలేదు. అయినా ఆ పాత క్యూలో ఒక మంచి గుణముంది. క్యూ అనేది ఉండేది. దరఖాస్తుకు నంబరు ఉండేది, ముందు ఎంతమంది ఉన్నారో ఎక్స్ఛేంజీకి వెళ్తే చెప్పేవారు, అడగడానికి ఒక ఆఫీసూ ఒక అధికారీ ఉండేవారు. ఇప్పటి దరఖాస్తుదారుడికి టోల్‌ఫ్రీ నంబరు ఉంది, 'అసౌకర్యానికి చింతిస్తున్నాం' అనే రికార్డు గొంతు ఉంది. వెళ్లి నిలబడి అడగడానికి తలుపు లేదు.

ఆ తలుపు ఎందుకు మూతపడిందో కూడా చెప్పుకోవాలి. 2019లో బీఎస్‌ఎన్‌ఎల్ స్వచ్ఛంద పదవీ విరమణ పథకం పెడితే 78 వేల మందికి పైగా ఉద్యోగులు తీసుకున్నారు. 2020 జనవరి 31న, ఒక్కరోజునే అంతమంది ఇంటికి వెళ్లారు. ఊరూరా ఏ స్తంభం కింద ఏ జాయింటు ఉందో కళ్లు మూసుకుని చెప్పగల లైన్‌మన్లు వాళ్లలో ఉన్నారు. ఆర్థికంగా ఆ నిర్ణయానికి కారణాలు ఉండవచ్చు. కానీ ఆ తర్వాత ఆఖరి అంచె పని చాలావరకు కాంట్రాక్టర్ల చేతికి పోయింది. ప్రైవేటు కంపెనీలు మొదటి నుంచీ అదే పద్ధతిలో ఉన్నాయి. ఊరి నెట్‌వర్కు పటం ఇవాళ ఎవరి తలకాయలోనూ పూర్తిగా లేదు.

బొగ్గు గనుల ప్రాంతంలో ఈ సమస్యకు ఇంకో పొర ఉంది. ఇక్కడ భూమిలో పెద్ద భాగం సింగరేణి బొగ్గు కంపెనీది. కాలనీల్లో రోడ్లు, నీళ్లు, కరెంటు ఆ కంపెనీవే. ఊళ్లో స్తంభాలు ఉత్తర డిస్కమ్‌వైతే, కాలనీ గేటు దాటాక అవి సింగరేణివి. మున్సిపల్ కార్పొరేషన్ రోడ్డు ఎక్కడ ఆగుతుందో, కంపెనీ రోడ్డు ఎక్కడ మొదలవుతుందో కొన్నిచోట్ల ఇరువైపుల ఇంజనీర్లే తడుముకోవాలి. ఇట్లాంటి చోట ఒక్క తీగ కిలోమీటరు నడవాలంటే ముగ్గురు యజమానుల నేల దాటాలి. ముగ్గురినీ అడిగి పని చేస్తే నెలలు పడుతుంది. అడగకుండా చేస్తే ఒకరోజు ఎవరో వచ్చి కోస్తారు. కంపెనీలు, ఆపరేటర్లు సహజంగానే రెండో దారి పట్టారు.

గని కార్మికుడి దినచర్య మీద ఈ వ్యవస్థకు ఏమాత్రం అవగాహన లేదని చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. ఫస్టు షిఫ్టు ఉదయం ఏడు నుంచి మధ్యాహ్నం మూడు వరకు, సెకండు షిఫ్టు మూడు నుంచి రాత్రి పదకొండు దాకా, ఆపైన నైట్ షిఫ్టు. బాయి దిగే మనిషి ఫోను పైనే పెట్టి దిగాలి. మీథేన్ ఉండే చోటికి ప్రత్యేకంగా ఆమోదించిన పరికరాలు తప్ప మామూలు ఫోను పోకూడదు. ఫైబర్ పిలగాడు పదకొండింటికి ఫోన్ చేస్తాడు. ఫస్టు షిఫ్టు మనిషి అప్పుడు భూమి లోపల ఉంటాడు. నైట్ షిఫ్టు మనిషి ఫోను సైలెంటులో పెట్టి నిద్రలో ఉంటాడు. రెండు కాల్స్ ఎత్తకపోతే 'కస్టమర్ స్పందించలేదు' అని టికెట్ మూసేస్తారు. మళ్లీ మొదటి నుంచి. బెంగళూరులోనో గుర్గావ్‌లోనో కూర్చుని రాసిన సాఫ్టువేరుకు షిఫ్టులు తెలియవంటే అర్థం చేసుకోవచ్చు. ఇక్కడే పుట్టి పెరిగిన ఫ్రాంచైజీ యజమానికి తెలియవా? తెలుసు. కానీ ఆ టికెట్ మూసే బటన్ నొక్కితేనే అతని పనితీరు మార్కులు నిలబడతాయి.

ఇంటర్నెట్ ఆలస్యమైతే ఏం మునిగిపోతుంది, ఫోనులో డేటా ఉంది కదా అనేవాళ్లున్నారు. దేశంలో 2024 చివరికి బ్రాడ్‌బ్యాండ్ చందాదారులు సుమారు 94 కోట్లుంటే, వారిలో తీగ ద్వారా తీసుకున్నవారు 4 కోట్ల పైచిలుకే. అంటే ఫోను డేటాతోనే దేశం బతుకుతోందన్నది నిజమే. కానీ సింగరేణి ప్రాంతంలో ఎవరికి తీగ కావాలో చూడండి. 1990ల మొదట్లో లక్షకు పైగా ఉన్న సింగరేణి ఉద్యోగుల సంఖ్య ఇవాళ సుమారు 40 వేలు. తండ్రి చేసిన పని కొడుక్కి ఉంటుందన్న భరోసా తగ్గింది. బీటెక్ చదివి కారుణ్య నియామకంలో జనరల్ అసిస్టెంటుగా బాయి దిగుతున్నవాళ్లు ఒకవైపు, హైదరాబాద్ కంపెనీలో ఉద్యోగం దొరికి వారానికి సగం రోజులు ఇంటి నుంచి పనిచేసుకోవచ్చని ఊరికి వస్తున్నవాళ్లు మరోవైపు. పిల్లలను కోటాకో హైదరాబాద్‌కో పంపలేక ఆన్‌లైన్ కోచింగ్ చెప్పిస్తున్న ఇళ్లు ఇంకెన్నో. వీళ్లెవరికీ రోజుకు రెండు జీబీ చాలదు. బొగ్గు మీద ఆధారపడకుండా ఈ ఊరు బతకడానికి ఉన్న కొద్ది దారుల్లో ఇదొకటి.

పదవీ విరమణ చేసినవాళ్ల పరిస్థితీ అంతే. ఉద్యోగం అయిపోగానే క్వార్టరు ఖాళీ చేయాలి. గ్రాట్యుటీ, పీఎఫ్ డబ్బుల్లో కొంత పెట్టి ఫ్లాటు కొనుక్కున్నవాళ్లు ఈ అపార్టుమెంట్లలో చాలామంది. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న మనవణ్ని వీడియోలో చూడటమే వాళ్లకు ముఖ్యమైన పని. క్వార్టర్లో ఉన్నంతకాలం నీళ్లు రాకపోయినా కరెంటు పోయినా కంపెనీకి ఫోను కొడితే మనిషి వచ్చేవాడు. ప్రైవేటు అపార్టుమెంటులో ఎవరిని అడగాలో తెలియని అయోమయం వాళ్లకు కొత్త.

తీగ కుదరదన్నప్పుడు కంపెనీలు చూపిస్తున్న ప్రత్యామ్నాయం ఎయిర్‌ఫైబర్. 2023లో రెండు పెద్ద కంపెనీలు దీన్ని మొదలుపెట్టాయి. 5జీ టవర్ నుంచి సిగ్నల్ పట్టి ఇంట్లో వైఫై ఇస్తారు. తీగ లేదు, మెట్ల మీద అనుమతి లేదు, వాచ్‌మన్‌తో పేచీ లేదు. కంపెనీకి దీని మీద మోజు పెరగడంలో ఆశ్చర్యం లేదు. అవసరానికి మంచిదే. కానీ టవర్ సామర్థ్యాన్ని ఆ చుట్టుపక్కల ఫోన్లన్నీ పంచుకుంటాయి. సాయంత్రం వాడకం పెరిగితే వేగం తగ్గుతుంది. అన్నిటికన్నా ఇబ్బంది కలిగించేది ఇంకొకటి: చేతిలో సులువైన సరుకు ఉన్నప్పుడు కష్టమైన బిల్డింగులకు తీగ లాగాలన్న పట్టుదల కంపెనీల్లో సన్నగిల్లుతోంది.

ప్రభుత్వ పథకాల చూపు ఎటుందో గమనించండి. 2011లో ఆమోదం పొందిన జాతీయ ఆప్టికల్ ఫైబర్ నెట్‌వర్కు, తర్వాత భారత్‌నెట్‌గా మారిన పథకం, గ్రామ పంచాయతీల కోసం. ఆంధ్రప్రదేశ్ కరెంటు స్తంభాల మీదుగా ఫైబర్ లాగి, 2017 డిసెంబరులో రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ చేతుల మీదుగా ప్రారంభించి, నెలకు 149 రూపాయలకే టీవీ, ఫోను, ఇంటర్నెట్ ఇస్తానంది. తెలంగాణ మిషన్ భగీరథ మంచినీటి పైపుల కందకాల్లోనే ఫైబర్ పైపు వేసి టీ-ఫైబర్ నిర్మించింది. ఒకసారి తవ్విన గోతిలో రెండు పనులు చేసిన ఆ ఆలోచనను మెచ్చుకోవాలి. 2024 డిసెంబరులో మంత్రి శ్రీధర్‌బాబు టీ-ఫైబర్ సేవలను ప్రయోగాత్మకంగా మొదలుపెట్టిన పల్లెల్లో ఒకటి మన పెద్దపల్లి జిల్లాలోని అడవిశ్రీరాంపూర్. పల్లెకు ప్రభుత్వం ఉంది. హైదరాబాద్‌కు మార్కెట్ ఉంది, అక్కడ ఒక అపార్టుమెంటు కోసం నాలుగు కంపెనీలు పోటీపడతాయి. గోదావరిఖని ఉన్న రామగుండం లాంటి ఊరు పేరుకు కార్పొరేషన్ కాబట్టి పంచాయతీ పథకాలు దానికి రావు, కంపెనీల పోటీ అంతగా లేదు.

ఇక్కడ ఒక హెచ్చరిక కూడా అవసరం. త్వరగా కనెక్షన్ ఇవ్వాలన్న ఒత్తిడి పెంచితే దాని ఫలితం స్తంభాల మీద గుట్టలు గుట్టలుగా వేలాడుతుంది. 2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో కృష్ణాష్టమి శోభాయాత్ర రథానికి విద్యుత్ ప్రసారమై అయిదుగురు ప్రాణాలు కోల్పోయారు. తర్వాత డిస్కమ్ సిబ్బంది నగరమంతా స్తంభాల మీది కేబుళ్లు కోశారు. ఇళ్లలో ఇంటర్నెట్ ఆగిపోయింది, వ్యవహారం హైకోర్టుకు ఎక్కింది. ఏ తీగకు అనుమతి ఉంది, ఏ తీగకు లేదన్నది తేల్చలేని పరిస్థితి అక్కడే బయటపడింది. గోదావరిఖని చౌరస్తా స్తంభాల వైపు తలెత్తి చూసినవాళ్లకు ఆ ప్రమాదం ఇక్కడికి దూరమని అనిపించదు. బిల్డింగులకు సరైన దారి లేకపోవడానికీ, స్తంభాల మీద ఆ చిక్కుముడికీ సంబంధముంది. లోపల పైపు లేనందుకే పిలగాడు ఎదురు స్తంభం నుంచి డాబా మీదికి తీగ విసురుతున్నాడు.

చట్టం మారింది. 2023 టెలికమ్యూనికేషన్ల చట్టంలో దారి హక్కుకు సంబంధించిన భాగం 2024 జూన్ నుంచి అమల్లో ఉంది. దాని కింద వచ్చిన కొత్త నియమాలు 2025 జనవరి 1న మొదలయ్యాయి. అంతకుముందు 2016 నియమాలు దరఖాస్తు మీద 60 రోజుల్లో ఏదో ఒకటి చెప్పకపోతే అనుమతి ఇచ్చినట్టే అన్నాయి. కొత్త చట్టంలో మనకు పనికొచ్చే మాటలు రెండున్నాయి. ఒకటి, దారి హక్కు ఇచ్చేటప్పుడు వివక్ష ఉండకూడదు, వీలైనంతవరకు ఒక్కరికే కట్టబెట్టకూడదు. రెండోది, ఈ బాధ్యత మున్సిపాలిటీలూ ప్రభుత్వ శాఖలతో పాటు ప్రభుత్వ కంపెనీల మీదా ఉంది. 51 శాతం రాష్ట్రానిది, 49 శాతం కేంద్రానిది అయిన సింగరేణి ఈ పరిధిలోకి రాదని వాదించడం కష్టం. అంటే కాలనీల్లో ఫైబర్ వేస్తామని ఎవరు దరఖాస్తు పెట్టినా గడువులోగా జవాబివ్వాలి, ఒకరికిచ్చి ఇంకొకరిని ఆపకూడదు. సింగరేణి ఇంకో అడుగు ముందుకెయ్యవచ్చు. ఏటా కాలనీల్లో రోడ్లూ పైపులైన్లూ వేస్తూనే ఉంటుంది. అదే గోతిలో తన ఖర్చుతో ఒక ఖాళీ పైపు వేసి, ఏ కంపెనీ అయినా అద్దె కట్టి తీగ వేసుకునేలా చేస్తే తవ్వకాలు తగ్గుతాయి, స్తంభాల బరువూ తగ్గుతుంది. భగీరథ గోతిలో రాష్ట్రం చేసిన పనే ఇది, కొత్త ఆవిష్కరణేమీ కాదు.

ప్రైవేటు అపార్టుమెంట్ల దగ్గరే చట్టం తడబడుతోంది. ఉమ్మడి రాష్ట్రంలో 1987లో వచ్చిన అపార్టుమెంట్ల చట్టం ప్రకారం మెట్లు, డాబా, సెల్లారు ఫ్లాటు యజమానులందరి ఉమ్మడి ఆస్తి. అసోసియేషన్ ఉండాలి. మన దగ్గర చాలా అసోసియేషన్లు వాట్సాప్ గ్రూపు దాటి రిజిస్టర్ కాలేదు. అది లేనప్పుడు పెత్తనం బిల్డరు దగ్గరే ఉంటుంది. బిల్డరు ఒక ఆపరేటరుకు మాటిచ్చి ఉంటే కొత్తవాడు గేటు దాటలేడు. ఇట్లా ఒక్కరికే కట్టబెట్టే ఒప్పందాలు ఉండకూడదని ట్రాయ్ 2017 జనవరిలోనే సిఫారసు చేసింది. 2024 అక్టోబరులో భవనాలకు డిజిటల్ కనెక్టివిటీ రేటింగు ఇచ్చే నిబంధనలూ తెచ్చింది. నక్షత్రాలు ఇవ్వడం మంచిదే గాని, రేటింగు కోరుకునేది హైదరాబాద్ గేటెడ్ కమ్యూనిటీ బిల్డరు. అయిదంతస్తులు కట్టి అమ్ముకుపోయే చిన్న ఊరి బిల్డరుకు నక్షత్రాలతో పని లేదు.

వేరే దేశాలు ఈ ముడిని నేరుగానే విప్పాయి. ఫ్రాన్స్ 2008లో చట్టం చేసి, అపార్టుమెంటులో ఉండేవాడు ఫైబర్ అడిగితే సరైన కారణం లేకుండా యజమానులు కాదనకూడదంది. లోపల తీగ వేసిన కంపెనీ దాన్ని మిగతా కంపెనీలకూ తెరవాలంది. యజమాని అసలు జవాబే ఇవ్వనప్పుడు ట్రిబ్యునల్ ద్వారా లోపలికి వెళ్లే దారిని బ్రిటన్ 2021 చట్టంతో ఇచ్చింది. అమెరికా నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 2022లో అపార్టుమెంటు యజమానులతో కంపెనీలు చేసుకునే, ఒకే కంపెనీకి పరిమితమయ్యే కొన్ని ఆదాయ పంపకం ఒప్పందాలను నిషేధించింది. ఫ్రాన్స్‌లో కనెక్షన్ అడిగే హక్కు అక్కడ నివసించేవాడిది, అద్దెకున్నా సరే. మన దగ్గర అద్దెదారుడు ఓనరును బతిమాలాలి, ఓనరు అసోసియేషన్‌ను బతిమాలాలి.

ట్రాయ్ ముందుగా చేయగలిగింది చిన్న పనే. 'సాధ్యం కాదు' అన్న ప్రతి జవాబూ రాతపూర్వకంగా, పోర్టు లేకనా, కాంతి చాలకనా, దారి అనుమతి లేకనా అన్నది స్పష్టంగా ఇవ్వాలి. ఊరివారీగా ఆ లెక్క ప్రకటించాలి. దారి అనుమతి లేదన్నప్పుడు ఎవరిని అడిగారు, ఏ తేదీన అడిగారు అన్నది అందులో ఉండాలి. అప్పుడు దరఖాస్తుదారుడు కంపెనీతో కొట్లాడాలో, అసోసియేషన్‌తో కూర్చోవాలో, సింగరేణి ఎస్టేట్ ఆఫీసుకు వెళ్లాలో తెలుస్తుంది. ఇప్పుడు ముగ్గురూ ఒకే మాట వెనుక దాక్కుంటున్నారు.

ఈలోగా ఎదురుచూస్తున్నవాళ్లకు చేతిలో ఏమీ లేదనుకోనక్కర్లేదు. ఫోను మాటల మీద నమ్మకం పెట్టుకోకుండా ఫిర్యాదుకు డాకెట్ నంబరు తీసుకోవాలి. అది తేలకపోతే ప్రతి కంపెనీకీ అప్పీలు విభాగం ఉంటుంది, 2012 నిబంధనల ప్రకారం అప్పీలు మీద 39 రోజుల్లో తేల్చాలి. టెలికాం వివాదాలు వినియోగదారుల ఫోరాలకు రావని 2009లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును చూపించి కంపెనీలు చాలాకాలం తప్పించుకున్నాయి. 2022 ఫిబ్రవరిలో అదే కోర్టు, వినియోగదారుల కమిషన్‌కు వెళ్లే హక్కు ఉందని తేల్చింది. డబ్బులు కట్టించుకుని నెలలు నాన్చితే అది సేవాలోపమని అక్కడ వాదించవచ్చు. డబ్బులు కట్టిన రసీదు, మెసేజ్‌ల స్క్రీన్‌షాట్లు దాచుకోవాలి. ఒక్క ఫ్లాటు తరఫున కాక పదిమంది కలిసి ఒకే లేఖ రాస్తే స్థానిక ఆపరేటరు లెక్కే మారుతుంది. సగం రోజు కష్టానికి ఒక కనెక్షన్ బదులు పది వస్తాయంటే డాబా తాళంచెవి తనే వెతుక్కుంటాడు.

కార్పొరేషన్ చేయాల్సింది ఇంకా తేలిక. 2020లో ఇంటి అనుమతులు ఆన్‌లైన్‌లో బీపాస్ ద్వారా ఇవ్వడం మొదలైంది. కట్టడం పూర్తయ్యాక ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఇచ్చేటప్పుడు సెట్‌బ్యాకులు, పార్కింగు, ఇంకుడుగుంత చూస్తారు. కింది అంతస్తు నుంచి పై అంతస్తు దాకా ప్రతి ఫ్లాటుకు చేరే ఒక ఖాళీ పైపు, కింద పెట్టె పెట్టడానికి రెండడుగుల గోడ కూడా చూడాలని ఒక్క షరతు కలిపితే, కట్టేటప్పుడు బిల్డరుకు అయ్యేది కొన్ని మీటర్ల పీవీసీ పైపు ఖర్చు. ఐరోపా సమాఖ్య దేశాల్లో 2016 తర్వాత అనుమతి తీసుకున్న కొత్త భవనాలకు ఈ షరతు ఉంది. రామగుండంలో ఇప్పుడు పునాదుల్లో ఉన్న అపార్టుమెంట్లకైనా పెట్టొచ్చు.